పొలంగట్టు మీద పనిచేసే హార్డ్ డిస్కు

పొలాల్లో నీళ్ళు చూడటం నా పని. కొందరు టెంకాయ అరచేతిలో పెట్టుకొని చూస్తారు, నేను మిషన్‌తో చూస్తాను. నేలలో నాలుగు ఇనుప కడ్డీలు దిగ్గొట్టి, బ్యాటరీతో భూమిలోకి కొంచెం కరెంటు పంపితే అది లోపల ఎంత సులువుగా పోతున్నదో మిషన్ అంకెల్లో చూపిస్తుంది. కడ్డీలు దూరం జరిపేకొద్దీ ఇంకా లోతు సంగతి తెలుస్తుంది. ఆ అంకెలు లాప్‌టాప్‌లో వేస్తే ఒక గీత వస్తుంది. ఆ గీత ఎక్కడ తడి తగిలి కిందికి వంగింది, ఎక్కడ ఎండుకు పైకి లేచింది చూసి, ఇక్కడ బోరు వేసుకోండి, ఇక్కడ వద్దు అని చెప్తాను. ఇల్లు గిద్దలూరులో. తిరుగుడు మాత్రం త్రిపురాంతకం నుంచి వెలిగండ్ల దాకా, ఎవరు పిలిస్తే అక్కడికి. మొదట్లో నేను కారు దిగితే "సార్ వెనకాల వస్తున్నాడా అమ్మా?" అని అడిగేవాళ్ళు. ఇప్పుడు ఎవరూ అడగరు.

నాతో పాటు పదేళ్ళుగా ఒక మామ వస్తున్నాడు. సొంత మామ కాదు. త్రిపురాంతకం మనిషి, అరవైకి దగ్గర పడినాడు. కడ్డీలు కొట్టేది, తీగలు పరిచేది, మళ్ళీ చుట్టేది ఆయనే. ఏ ఊళ్ళో ఏ పొలంలో రాయి గట్టిగా ఉందో ఆయన చేతులకు గుర్తు. నేను మాత్రం అన్నీ లాప్‌టాప్‌కు అప్పజెప్పి మర్చిపోయేదాన్ని.

లాప్‌టాప్ ఎప్పటికైనా చెడిపోతుందని తెలియక కాదు. ఆరేళ్ళ కిందట ఒక హార్డ్ డిస్కు తెప్పించుకున్నాను. అదే ధరకు వచ్చే చిన్నవాటి కంటే అందులో రెండింతలు పడుతుందని పెద్దది తీసుకున్నాను. ఇటుకరాయి అంత ఉంటుంది. దానికి వేరే అడాప్టర్, గోడకు పెట్టే ప్లగ్గు. ఇంటికి వచ్చిన రోజు టీవీ పక్కన పెట్టి, అప్పటిదాకా చేసిన రీడింగులన్నీ ఎక్కించినాను. ఆ పూట నాకు ఎంత నిశ్చింతగా అనిపించిందో చెప్పలేను. తర్వాత దాన్ని ముట్టుకున్నది లేదు. పొలం నుంచి వచ్చేసరికి ఒళ్ళు హూనమై ఉంటుంది. ఆ ఇటుకను కిందికి దించి, అడాప్టర్ వెతికి, ప్లగ్గు ఖాళీ చేసి, ఇన్ని పనులుంటే రేపు చేద్దాంలే అనిపిస్తుంది. పొలానికి తీసుకుపోదామంటే అక్కడ ప్లగ్గు ఎక్కడిది? అట్లనే ఏళ్ళు గడిచిపోయినాయి. టీవీ పక్కన డిస్కు ఉన్నదన్న ధైర్యం మాత్రం పోలేదు.

ఒక వేసవిలో సోమవారం పొద్దున ఫోన్ వచ్చింది.

"అమ్మా, నేను హనుమంతునిపాడు దగ్గర బత్తాయి తోటాయన్ని. గుర్తున్నానా?"

గుర్తున్నాడు. ఐదేళ్ళ కిందట ఆయన పొలంలో రెండు పాయింట్లు చెప్పినాను. మొదటిదాంట్లో బోరు వేసినాడు, నీళ్ళు బాగా పడినాయి. ఆ నీళ్ళను నమ్ముకొని బత్తాయి మొక్కలు పెట్టినాడు.

"చెప్పండి పెద్దనాయనా."

"బోరు ఎండిపోయింది తల్లీ. నెల నుంచి గాలే వస్తాంది. చెట్లు కాపుకొచ్చే ఏడు ఇది. నువ్వు అప్పుడు రెండో పాయింటు ఒకటి చెప్పినావు గదా, అది వేద్దామని. గుర్తు రాయి పెట్టినాం గానీ దున్నకాల్లో ట్రాక్టరోడు ఎత్తి పారేసినాడు. శనివారానికి బోరు బండి మాట్లాడుకున్నా."

"నేనిచ్చిన కాగితం ఉంది గదా?"

"చెదలు తిన్నాయమ్మా. పోతే పోయింది, నీ దగ్గర ఉంటది గదా అని నేను దిగులు పడలేదు."

చూసి చెప్తానని ఫోన్ పెట్టేసి లాప్‌టాప్ తెరిచినాను. అప్పటికే వారం నుంచి అది నత్తలాగా నడుస్తాంది. ఎండలకు అనుకున్నాను. ఆయన ఊరి ఫోల్డర్ మీద నొక్కితే చిన్న చక్రం తిరగడం మొదలుపెట్టింది. కాఫీ పెట్టుకొని వచ్చినా తిరుగుతానే ఉంది. చెవి ఆనించి వింటే లోపల టిక్కు, టిక్కు అని చప్పుడు. ఆపి మళ్ళీ పెట్టినాను. ఈసారి తెర నల్లగా ఉండిపోయింది.

పోనీలే, ఇటుక డిస్కు ఉంది గదా అని దాన్ని కిందికి దించి, పక్కింటి లాప్‌టాప్ అడిగి తెచ్చి తగిలించినాను. తెరుచుకుంది. అందులో అన్నీ ఉన్నాయి, నేను ఎక్కించిన రోజు దాకా. ఆ పెద్దాయన పొలం చూసింది దాని తర్వాత ఏడాదికి.

ఆ పూట కూర్చొని లెక్కేసుకుంటే, ఆ తర్వాత చూసిన పొలాలు ఆరు వందలకు పైనే. వాటిలో ప్రతిదానికీ ఎవరో ఒకరు, నా దగ్గర ఉంటది గదా అని నిమ్మళంగా ఉన్నవాళ్ళే.

గిద్దలూరులో తెలిసిన రిపేరు షాపుకు పోతే అతను పెట్టి చూసి, "పోయిందక్కా, కొత్త డిస్కు వేసుకోండి, పాతది పారేయండి" అన్నాడు. మామకు ఫోన్ చేసి చెప్పినాను. షాపతను ఏమన్నాడో ఆయన అడిగి తెలుసుకున్నాడు. తర్వాత, "మార్కాపురంలో రిపేర్లు చేసే ఒకామె ఉంది, ఆపా అంటారు. వాళ్ళ నాయన రేడియోలు బాగు చేసేవాడు. మా ఇంట్లో రేడియో చచ్చిపోయిందని ఊరంతా అన్నా ఆయన బతికించినాడు. ఆ పిల్లకి కూడా అదే చెయ్యి వచ్చింది. ఇంకెవరి దగ్గరా పెట్టి చూడొద్దు, నేరుగా అక్కడికి రా" అన్నాడు.

మంగళవారం పొద్దున్నే మార్కాపురం పోయినాను. మామ బస్సు దిగి స్టాండు దగ్గర నిలబడి ఉన్నాడు. దుకాణం బజారులో, పాత పలకల గోదాము పక్కన, ఒకే గది. లోపల గోడంతా విప్పేసిన లాప్‌టాప్‌లు. ఆపాకు నలభై లోపే ఉంటాయి. తల మీద దుపట్టా వెనక్కి ముడేసి, నుదుటి మీద చిన్న లైటు పెట్టుకొని పని చేస్తాంది. ఆపా అంటే ఉర్దూలో అక్క. బజారంతా ఆపా అనే పిలుస్తారు కాబట్టి నేనూ ఆపా అన్నాను. ఆమె నన్ను అక్కా అన్నది. ఇద్దరిలో ఎవరు పెద్దో ఇప్పటికీ తెలియదు.

జరిగింది చెప్పినాను. ఆమె లాప్‌టాప్ ఆన్ చెయ్యలేదు.

"ఎన్నిసార్లు పెట్టి చూసినారు?"

"నేను రెండుసార్లు. గిద్దలూరులో అతను నాలుగైదుసార్లు."

"చాలు. ఇంక పెట్టొద్దు. లోపల తిరిగే పలక ఉంటది, దాని మీద సూదిలాంటిది చదువుతా పోతది. అది దెబ్బతిన్నాక పెట్టేకొద్దీ గీసుకుంటది." ఆమె లాప్‌టాప్ వెనక్కి తిప్పి మరలు విప్పి, డిస్కును తీసి చేతిలో తూకం చూసినట్టు పట్టుకున్నది. "దీన్ని పెట్టుకొని జీపుల్లో తిరిగినారా?"

"పాత కారు. రోడ్లు లేని చోట్లకు."

"అదే. ఇది కుదుపులకు పనికిరాదు. సరే, ఉన్నదాన్ని మెల్లగా బయటికి తీద్దాం. ఎంత వస్తదో చెప్పలేను. తీసింది పెట్టడానికి ఒక డిస్కు కావాల. మీ దగ్గర ఉందా?"

ఇటుక సంగతి చెప్పినాను. ఆమె నవ్వలేదు. "అది మంచిదే, ఇంట్లో ఉండటానికి. మీరు పని చేసేది ఇంట్లోనా?" అని అడిగింది.

కొత్తది కొందామనుకున్నాను, ఈసారి బాగా పెద్దది, నాలుగు టీబీలది. ఆ మాట చెప్పగానే ఆమె ఎదురు ప్రశ్నలు మొదలుపెట్టింది. ఒక రోజు పనికి ఎంత డేటా వస్తది? అంకెలేనా, ఫోటోలు, వీడియోలు కూడానా? పొలంలో లాప్‌టాప్ ఎక్కడ పెట్టుకుంటారు? చార్జింగ్ ఎన్ని గంటలు ఆగుతది? ఎవరి సంచిలో ఉంటది? మామ మధ్యలో అందుకొని, "కడ్డీల సంచిలో వేస్తది. చెప్పకూడదు గానీ, సుత్తి కూడా అందులోనే ఉంటది" అన్నాడు. ఆపా నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను.

లెక్క తేల్చి చూస్తే పన్నెండేళ్ళ అంకెలన్నీ కలిపి ఒక సినిమా అంత కూడా లేవు. ఫోటోలు, బోరు వేసేటప్పుడు తీసిన వీడియోలే ఎక్కువ. అన్నీ కలిపినా రెండు వందల జీబీ దాటవు.

"మరి నాలుగు టీబీ ఎందుకక్కా? ఇంత బియ్యానికి అంత గాదె."

ఆమె బల్ల మీద మూడు పెట్టింది. మూడూ లాప్‌టాప్ నుంచే కరెంటు తీసుకునేవి, అడాప్టర్ లేనివి. మొదటిది లావుగా, బరువుగా, నేను అడిగిన నాలుగు టీబీలది. రెండోది సన్నది, ఒక టీబీది. ఆ రెండింట్లోనూ తిరిగే పలకలే. మూడోది అగ్గిపెట్టె కంటే కొంచెం పొడుగు, ఐదు వందల జీబీ. దాంట్లో తిరిగేది ఏమీ లేదట. ఫోన్లలో ఉన్నట్టు చిప్పులే. ధర మాత్రం రెండోదానితో సమానం. సగమే పడుతున్నప్పుడు అంతే ధర ఎందుకని నాకు మనసొప్పలేదు. ఆరేళ్ళ కిందట ఇటుకను కొన్న బుద్ధి అట్లనే ఉంది.

"రెండోది చాలు గదా ఆపా?"

"చూద్దాం." నా లాప్‌టాప్‌లో అప్పటికే కొత్త డిస్కు బిగించి, సిస్టమ్ ఎక్కించి పెట్టింది. దాన్ని నా ముందుకు జరిపి, చార్జర్ వైరు పీకేసింది. "పొలంలో ఉన్నట్టే చూడాల. షాపులో కరెంటు మీద ఏది పెట్టినా పనిచేస్తది."

లావుదాన్ని తగిలించినాను. లైటు వెలిగింది, లోపల తిరగబోయినట్టు చిన్న మూలుగు, మళ్ళీ టిక్కుమని ఆగింది. మళ్ళీ మూలుగు, మళ్ళీ టిక్కు. నిన్న ఇంట్లో విన్న చప్పుడే అనిపించి చప్పున పీకేయబోయినాను.

"భయపడొద్దు, అది చెడిపోలేదు. తిరగడం మొదలయ్యేటప్పుడు కరెంటు ఎక్కువ కావాల. మీ లాప్‌టాప్‌లో ఈ నల్ల పోర్టు పాతది, అంత ఇవ్వదు. ఈ పక్కన నీలం రంగుది ఉంది చూడండి, దానికి పెట్టండి."

నీలందానికి పెడితే తిరిగింది. సన్నది రెండు పోర్టుల్లోనూ తిరిగింది గానీ, ఆపా దానితో వచ్చిన చిన్న కేబుల్ తీసేసి ఒక పొడుగు కేబుల్ పెట్టగానే నల్లదాంట్లో అది కూడా మొరాయించింది. "పొడుగు వైరులో కరెంటు దారిలోనే తగ్గిపోతది. డబ్బాలో వచ్చిన పొట్టి కేబులే వాడాల. పోయిందని బస్టాండులో దొరికే ఫోన్ కేబుల్ తగిలించొద్దు."

మూడోదాన్ని ఏ పోర్టుకు పెట్టినా, ఏ కేబుల్‌తో పెట్టినా ఊరకనే వచ్చింది. చప్పుడు లేదు. ఉందో లేదో తెలియనట్టు చిన్న తెల్ల లైటు. ఆపా దాన్ని తగిలించి ఉండగానే చేత్తో పట్టుకొని అటూ ఇటూ ఊపింది. ఫైళ్ళు ఎక్కుతానే ఉన్నాయి.

మామ దగ్గరికి వచ్చి వంగి చూసినాడు. "ఇది సుత్తి పక్కన ఉన్నా పరవాలేదా?"

"సుత్తి పక్కన ఏదీ పెట్టొద్దు మామూ," అన్నది ఆపా. "కానీ బుల్లెట్ బండి మీద పోయినా దీనికి ఏమీ కాదు. ఒకటే సంగతి. దీన్ని ఏళ్ళ తరబడి బీరువాలో పడేస్తే మంచిది కాదు. కరెంటు తగలకుండా ఉంటే లోపలిది మెల్లగా మాసిపోతదంటారు. రెండు మూడు నెలలకోసారి తగిలించాల."

"రోజూ తగిలిస్తాను ఆపా," అన్నాను. నా మాట ఆమె నమ్మినట్టు లేదు.

మూడోదే తీసుకున్నాను. తర్వాత ఆమె అడిగింది, "ముందు ఏ ఊరిది కావాల? పాతది నడిచినన్ని గంటలే నడుస్తది. అన్నీ వరసగా తీద్దామంటే కావాల్సింది వచ్చేలోపలే ఆగిపోవచ్చు." హనుమంతునిపాడు ఫోల్డర్ పేరు ఒక చీటీ మీద రాసి ఇచ్చినాను. కింద, వీలైతే మిగతావి అని రాసినాను. ఆ అక్షరాలు రాస్తుంటే, ఆరేళ్ళుగా ఆ మిగతావాళ్ళ పొలాల్లో నేను తిన్న సంగటి, తాగిన మజ్జిగ గుర్తుకొచ్చినాయి.

గురువారం సాయంత్రం ఆపా ఫోన్ చేసింది.

"అక్కా, మొత్తంలో ముప్పావు వంతు పైనే వచ్చినాయి. మీరు అడిగిన ఫోల్డర్లో మాత్రం దెబ్బ గట్టిగా తగిలింది. అంకెల ఫైలు రాలేదు. నాలుగుసార్లు చూసినా. ఫోటోలు రెండు వచ్చినాయి."

ఫోటోల్లో ఏముందని అడిగినాను. ఆమె తెరిచి చూసింది. తర్వాత, "ఒక ఫోటోలో మామూ కడ్డీ పట్టుకొని నిలబడినాడు. వెనక గుట్ట కనిపిస్తాంది. ఫోన్‌తో తీసినట్టుంది, లొకేషన్ దాంట్లోనే ఉంది. పనికొస్తదా?" అన్నది.

పనికొస్తది. వెనక గుట్ట ఉందంటే అది రెండో పాయింటే. పొలంలో ఫోటోలు తీసేటప్పుడు మామ ఎప్పుడూ పాయింటు మీదే నిలబడతాడు. నేను చెప్పినందుకు కాదు, అక్కడ నిలబడితే ఫోటో బాగా వస్తుందని ఆయన నమ్మకం.

శుక్రవారం పొద్దున ఇద్దరం మార్కాపురంలో డిస్కు తీసుకొని హనుమంతునిపాడు పోయినాం. దారి పొడుగునా కోసేసిన కంది చేలు, మోళ్ళు మాత్రం మిగిలి ఉన్నాయి. పెద్దాయన తోట దగ్గరే ఎదురొచ్చినాడు. బత్తాయి చెట్లు ఛాతీ ఎత్తున ఉన్నాయి. ఆకులు అంచులు ముడుచుకొని, కింద గోళీల్లాంటి పిందెలు రాలి ఉన్నాయి. ఆయన నడుస్తా నడుస్తా వాటిని కాలితో పక్కకు జరుపుతున్నాడు, నాకు కనపడకూడదన్నట్టు.

ముందే చెప్పేయాలనుకున్నాను. "పెద్దనాయనా, మీ పొలం లెక్క నా దగ్గర కూడా పోయింది. లాప్‌టాప్ చెడిపోయింది. వేరేచోట దాచిపెట్టాల్సింది, దాచలేదు. తప్పు నాదే. పాయింటు ఎక్కడనేది ఫోటోను బట్టి తెలుస్తది గానీ, అప్పటి అంకెలు లేవు."

ఆయన నడక ఆపి నా వైపు తిరిగినాడు.

"నా కాగితాన్ని చెదలు తిన్నాయి. నీదాన్ని ఏం తినింది?"

మామ ముందు నవ్వినాడు. తర్వాత ఆయనా నవ్వినాడు. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చినట్టయింది.

"ఇప్పుడు మళ్ళీ చూస్తాను. డబ్బులేం వద్దు."

"చూడు తల్లీ. తిట్టి ఏం చేస్తాను? తిడితే నీళ్ళు పడతాయా?"

ఫోన్‌లో లొకేషన్ పట్టుకొని నడిచినాం. మామ నాకంటే ముందే పోయి ఒక చోట ఆగి, గుట్ట వైపు చూసి, రెండడుగులు పక్కకు జరిగి నిలబడినాడు. ఫోన్ కూడా ఆ చోటే చూపించింది. కడ్డీలు కొట్టి, తీగలు పరిచి, రెండు గంటలు రీడింగులు తీసినాం. పొలానికి కరెంటు వచ్చే వేళ కాదు. గొడ్ల కొట్టం నీడలో నులక మంచం మీద లాప్‌టాప్ పెట్టి కొత్త డిస్కు తగిలించినాను. తెల్ల లైటు వెలిగింది. పెద్దాయన కొట్టంలో బర్రె దాని వైపు మెడ చాచితే ఆయన తాడు లాగి పట్టుకున్నాడు.

కొత్త గీత తెర మీదికి వచ్చింది. దాని పక్కన పెట్టి చూడటానికి పాత గీత లేదు. ఏం చేయాలా అనుకుంటూ మిగతా ఫోల్డర్లు వెతుకుతుంటే, అదే ఊళ్ళో, అదే నెలలో, గట్టు అవతలి పొలం చూసిన ఫైలు కనిపించింది. ఆపా కాపాడిన వాటిలో అది ఉంది. తెరిచినాను. అప్పుడు తడిగా ఉన్న పొర అందులో స్పష్టంగా కనిపిస్తాంది. ఇప్పటి గీతలో ఆ లోతుకు వచ్చేసరికి అది ఎండిన మట్టిలాగా పైకి లేచింది. పొర అదే, నీళ్ళే దిగిపోయినాయి.

పెద్దాయనకు రెండు గీతలూ చూపించినాను. "రెండో పాయింటు ఇప్పుడు వేయొద్దు పెద్దనాయనా. ఐదేళ్ళ కిందట అయితే వేయమనేదాన్ని. అప్పుడు చెప్పింది అప్పటికి నిజం."

ఆయన గీతల వైపు చూడలేదు. చెట్ల వైపు చూసినాడు. "మరి బండి రేపు వస్తది గదమ్మా."

"సాయంత్రం దాకా టైముంది. ఇంకోచోట చూద్దాం."

పల్లంలో, వాగు వార, ఆయన ఎప్పుడూ ఏమీ వేయని ఒక తుంట నేల ఉంది. అక్కడ చూసినాం. మామ ఒక కడ్డీ దిగ్గొడుతుంటే రాయి తగిలి సుత్తి ఎగిరి వచ్చింది, ఆయన వేలి గోరు నల్లబడింది. గుడ్డ చుట్టుకొని మళ్ళీ కొట్టినాడు. నాలుగు దాటినాక వచ్చిన గీతలో, నూట ఎనభై అడుగుల దగ్గర ఒక చిన్న వంపు కనిపించింది. రాయిలో పగులు ఉందని చెప్పవచ్చు. దాంట్లో నీళ్ళు ఉన్నాయని గట్టిగా చెప్పలేం.

"సగానికి సగం," అన్నాను. "ఎక్కువ చెప్పి మిమ్మల్ని ముంచలేను."

"నాకు వచ్చే ఏడాది అనేది లేదమ్మా. చెట్లకు ఈ ఏడే." ఆయన మామ పక్కన నేల మీద కూర్చున్నాడు. ఎంతోసేపు కాదు, బీడీ ముట్టించుకొని ఆరిపోయేంత. లేచి, "సగమంటే తక్కువేం కాదులే. వేద్దాం" అన్నాడు.

శనివారం నేను అక్కడే ఉండిపోయినాను. బోరు బండి పని మొదలుపెడితే నూట డెబ్బై దాకా తెల్లటి దుమ్మే లేచింది. ఆ దుమ్ములో ఎవరి ముఖం ఎవరికీ కనిపించలేదు. పెద్దాయన తోటలోకి పోయి చెట్ల మధ్య తిరుగుతున్నాడు, ఇటు రావడం లేదు. నూట తొంభై దగ్గర దుమ్ము ఆగి, తడి మట్టి ముద్దలు ముద్దలుగా బయటికి వచ్చింది. బండి డ్రైవరు ఆయన్ను కేక వేసి పిలిచినాడు. ఆయన పరుగెత్తి రాలేదు, మెల్లగా నడిచి వచ్చి, ఆ మట్టిని చేతిలోకి తీసుకొని పిండి చూసినాడు. మూడు వందల దాకా వేసినాక, పైకి వచ్చే నీళ్ళ ధార అంగుళం అని తేలింది.

అంగుళం నీళ్ళకు ఆ తోట మొత్తం తడవదు. ఆ సంగతి ఆయనకు నాకంటే ముందే తెలుసు. మరుసటి వారం ఫోన్ చేస్తే, పైవైపు చెట్లు వదిలేసి కిందివైపు సగానికే డ్రిప్పు పెట్టినానని చెప్పినాడు. గొంతులో బాధ ఉంది, ఫిర్యాదు లేదు. "ఉన్నవాటికి పిందె నిలబడిందమ్మా" అన్నాడు. ఆ మాట విన్న రోజంతా నాకు పని తేలికగా సాగింది.

ఇప్పుడు పద్ధతి మారింది. ఆఖరి రీడింగు అయినాక, మామ తీగలు చుట్టేలోపల, పొలంలోనే డిస్కుకు ఎక్కించేస్తాను. తీగలు చుట్టడానికి పావుగంట పడుతుంది, ఫైళ్ళకు నిమిషం కూడా పట్టదు. దానికి ఇప్పుడు వేరే చిన్న సంచి ఉంది. రాని ఫైళ్ళ జాబితా ఒకటి రాసుకొని, ఆ పొలాల వాళ్ళకు ఒక్కొక్కరికే ఫోన్ చేసి చెప్తున్నాను. కొందరి దగ్గర నేనిచ్చిన కాగితాలు భద్రంగా ఉన్నాయి. వాటిని ఫోటో తీసి పంపిస్తున్నారు. లేనివాళ్ళ పొలాలు ఆ దారిన పోయినప్పుడు మళ్ళీ చూస్తున్నాను. జాబితాలో సగం కూడా కాలేదు ఇంకా.

ఆపా దగ్గరికి మళ్ళీ పోయినప్పుడు అలాంటి డిస్కే ఇంకొకటి కావాలన్నాను. కారణం అడగకుండా ఇచ్చి, "దీన్ని మాత్రం మీ ఇంట్లో పెట్టొద్దక్కా. ఒక ఇంట్లో రెండు ఉన్నా ఒకటి ఉన్నట్టే" అన్నది.

ఎక్కడ పెట్టాలని మామను అడిగినాను. ఆయన ఇంటికి తీసుకుపోయినాడు. త్రిపురాంతకంలో ఆయన ఇంట్లో ఒక ఇనుప ట్రంకు ఉంది. పట్టా పుస్తకాలు, ఆధార్ కార్డులు, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ అందులోనే. తాళంచెవి అత్త దగ్గర ఉంటుంది. అత్త డిస్కును అటూ ఇటూ తిప్పి చూసి, ఒక కండువా ముక్కలో చుట్టి పట్టా పుస్తకాల మధ్య పెట్టింది. రెండు నెలలకోసారి పోయి దాంట్లో కొత్తవి ఎక్కించి వస్తున్నాను.

కిందటిసారి పోయినప్పుడు, నేను తగిలించి ఎక్కిస్తుంటే అత్త పక్కన కూర్చొని, "ఇందులో మా పొలం కూడా ఉందా?" అని అడిగింది.

"ఉంది అత్తా. మామ నా దగ్గరికి వచ్చిన మొదటి నెలలో చూసినాం." వెతికి తెరిచి చూపించినాను. పాత గీత, నేను అప్పుడప్పుడే నేర్చుకునే రోజులది.

ఆమె చాలాసేపు దాని వైపు చూసింది. "నీళ్ళు ఎక్కడున్నాయి ఇందులో?"

గీత వంగిన చోట వేలు పెట్టి చూపించినాను. ఆమె కూడా తన వేలు అక్కడే ఆనించి, తీసేసి, టీ పెట్టడానికి లోపలికి పోయింది.